పారిపోని కెప్టెను

హ్యారీ ట్రూమన్ అమెరికా దేశాధ్యక్షుడుగా నుండెనని మన చదువరులలో పలువురు వినియుందురు. అంతకు ముందు ఆయన పొలము దున్నిన రైతనియు, యుద్ధములో ఫిరంగి దళమును నడిపెననియు ఎరిగినవారు కొద్దిమందియే. ఈ మాసము ఆ సంగతి చెప్పదలచితిమి.

ఆయన 1884లో మిస్సోరీ రాష్ట్రమందు పుట్టెను. యౌవనమున బాప్తిస్మము పొంది బాప్టిస్టు సంఘములో చేరెను. చూపు మిక్కిలి మందము. అయినను 1905లో నేషనల్ గార్డు ఫిరంగి దళములో చేరెను. ఆ దళమువారు తమ తమ పనులు చేసికొనుచు, నియమింపబడిన దినములలో కవాతునకు పోవుదురు. దేశమునకు ఆపద వచ్చినప్పుడు యుద్ధమునకు వెళ్లుదురు. 1911లో ఆయన అది మానుకొని సేద్యమందే యుండెను. 1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధమున దిగగా, 33 ఏండ్ల వయస్సులో, నిర్బంధము లేకపోయినను మరల చేరెను. తోడి సిపాయీలే ఆయనను లెఫ్టినెంటుగా ఎన్నుకొనిరి.

1918 జూలైలో ఫ్రాన్సు దేశమందు ఆయన కెప్టెను హోదాలో 'డి' బ్యాటరీకి అధిపతి ఆయెను. నాలుగు ఫిరంగులు, సుమారు 190 మంది మనుష్యులు. వారిలో హెచ్చుమంది కాన్సస్ సిటీ పట్టణపు కథోలిక యువకులు, అధిపతులకు లోబడనివారని పేరుపడినవారు. మొదటి దినమున వారి యెదుట నిలిచినప్పుడు ఆయనకు లోలోపల భయమే.

ఆగస్టు 29 రాత్రి వోజ్ పర్వతములలో వారు శత్రువులమీద విషవాయువు గుండ్లు ప్రయోగించిరి. ఫిరంగులను లాగుకొని పోవలసిన గుఱ్ఱములు ఆలస్యముగా వచ్చెను. అంతలో జర్మనుల గుండ్లు పడసాగెను. ట్రూమన్ గుఱ్ఱము గుంటలో కూలగా ఆయన దానిక్రింద చిక్కుకొనెను. ఒక సార్జెంటు పారిపొండని కేకవేయగా పలువురు పరుగెత్తిరి. ఆయనను బయటికి లాగిన పిమ్మట, ఆ చోటనే నిలిచి, గట్టిగా గద్దించి వారిని వెనుకకు రప్పించెను. ఆ గద్దింపులోని మాటలు గుడిలో పలుకదగినవి కావు. ఆ రాత్రి ఆయన మనుష్యులలో ఒక్కడును చావలేదు. సార్జెంటును సైనిక న్యాయస్థానమునకు అప్పగింపవలెనని పై అధికారి కోరగా, ట్రూమన్ అతని హోదా మాత్రము తీసివేసెను.

సెప్టెంబరు 26 తెల్లవారుజామున ఆర్గోన్ అడవి ప్రక్కన గొప్ప పోరు మొదలాయెను. తమ డివిజను హద్దు దాటి కాల్చరాదని ఆజ్ఞ. అయితే హద్దు అవతల ఒక జర్మను ఫిరంగి దళము పొరుగు డివిజనువారిపై కాల్చుటకు సిద్ధపడుట ట్రూమన్ చూచెను. వారు గుఱ్ఱములను విప్పి పంపువరకు ఆగి, గుండ్లు కురిపించి దానిని నిలువరించెను. కర్నలు కోపించి శిక్ష తప్పదనెను గాని, శిక్ష రాలేదు. నవంబరు 11న సంధి గడియ సమీపించువరకు ఆ ఫిరంగులు మ్రోగుచునే యుండెను.

1945లో ఆయన అధ్యక్షుడాయెను. ఆ యేడు హిరోషిమా, నాగసాకి పట్టణములమీద అణుబాంబులు పడినది ఆయన పాలనలోనే. తనవారి ప్రాణములను కాచుటకే ఆ పని చేసితినని ఆయన నమ్మెను. అక్కడ చచ్చిన స్త్రీలను పిల్లలను తలంచినప్పుడు మా మనస్సు బరువగును; ఆ తీర్పు దేవునిది.

1949లో ఆయన మరల ప్రమాణము చేసిన దినమున, తలలు నెరసిన 'డి' బ్యాటరీవారు ఆయన కారునకు ఇరుప్రక్కల నడిచిరి. ముప్పది యేండ్ల నాటి ఆ రాత్రిని వారు మరువలేదు.

ప్రియులారా, ఇంటివారో, కూలివారో, బడిపిల్లలో, మనలో ప్రతివానికి కొందరు అప్పగింపబడియున్నారు. కీడు వచ్చిన రాత్రి మనము ఎక్కడ నిలిచితిమో వారు చూతురు.