పెళ్లితో ఆగని చదువు

అమీర్‌పేటకు కూతవేటు దూరంలో, యూసఫ్‌గూడలోని ప్రభుత్వ మహిళా సాంకేతిక శిక్షణ సంస్థకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు పెట్టారు. ఆ పేరు వెనుక, బాల్యవివాహం తెంపిన చదువును తిరిగి అందుకున్న జీవితం ఉంది.

1909లో జన్మించిన దుర్గాబాయికి ఎనిమిదో ఏటనే పెళ్లి చేశారు. ఆ బంధం నుంచి ఆమె యుక్తవయసులోనే బయటపడ్డారు. 1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు, దేవదాసీలు, పరదాలోని ముస్లిం స్త్రీలు ఆయనను కలిసే ఏర్పాటు చేయించిన బ్రాహ్మణ బాలిక ఆమె. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లివచ్చాకే మెట్రిక్ పూర్తిచేసి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పట్టా, మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పొందారు.

తాను దాటిన దారిని ఇతరులకూ వేయడమే ఆమె ప్రత్యేకత. మద్రాసులో ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ, బెనారస్ మెట్రిక్ పరీక్షకు స్త్రీలను సిద్ధం చేసింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి తొలి అధ్యక్షురాలయ్యారు. 1958లో ఆ అనుభవమే దేశవ్యాప్త సంక్షిప్త విద్యా కోర్సుగా మారింది. బడి మానిన వయోజన స్త్రీలు, వారిలో వితంతువులు, భర్త విడిచిపెట్టినవారు, తక్కువ కాలంలో పరీక్ష రాసి నర్సులుగా, ఉపాధ్యాయినులుగా నిలదొక్కుకునే మార్గమది. పెళ్లయిన స్త్రీకి మామూలు బడి సరిపోనప్పుడు బడే మారాలని ఆమె గ్రహించారు.

అయితే చదువుకు అడ్డంకి అన్ని కులాల్లో ఒకే రూపంలో ఉండదు. అగ్రకుల వితంతువుకు ఇంటి గడపే సంకెల. దళిత, బహుజన తల్లికి గడప దాటడం కొత్త కాదు. రోజు కూలి వదులుకోవడమే కష్టం. అమీర్‌పేట, పంజాగుట్ట హాస్టళ్లలో వంట చేసి, గదులు ఊడ్చే యువ తల్లికి కోర్సులో సీటు ఒక్కటే చాలదు. చదివే గంటలకు భృతి, బిడ్డకు శిశు సంరక్షణ కేంద్రం కావాలి.

విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్లతో ఆగిపోతుంది. 2017 ప్రసూతి ప్రయోజన చట్ట సవరణ 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థల్లో శిశు సంరక్షణ కేంద్రం తప్పనిసరి చేసింది. తొమ్మిదో తరగతిలో ఆగిన తల్లి చదివే బడికి అటువంటి నిబంధన లేదు. ఉద్యోగిని బిడ్డకు దక్కిన నీడ విద్యార్థిని బిడ్డకూ దక్కాలి. 1981లో కన్నుమూసిన దుర్గాబాయి పేరును సంస్థలకు పెట్టుకున్న ప్రభుత్వం, ఆమె మొదలుపెట్టిన పనిని ఈ తల్లుల దాకా తీసుకువెళ్లాలి.