సయ్యద్ అబ్దుల్ రహీం గారి జీవితము

ఆటలాడి కీర్తి గడించినవారి పేరులు మన విద్యార్థులకు కంఠస్థములే. ఆ యాటగాండ్రను తీర్చిదిద్ది తాము మైదానపు గట్టుననే నిలిచియుండిన గురువుల పేరు లెఱిగినవారు మాత్రము మిక్కిలి తక్కువ. అట్టి గురువులలో అగ్రగణ్యులు హైదరాబాదు వాస్తవ్యులైన సయ్యద్ అబ్దుల్ రహీం గారు. భారతదేశపు ఫుట్‌బాలు జట్టు ఆసియా ఖండమున రెండుమారులు ప్రథమస్థానము నలంకరించినది వారి శిక్షణమువలననే. వారు వృత్తిరీత్యా బడిపంతులు. కావున వారి చరిత్రము పాఠశాలలో చదువుకొనువారికిని, చదువు చెప్పువారికిని గూడ తెలియదగినది.

రహీం గారు 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదునందు జన్మించిరి. ఆ కాలమున నగరము నిజాము ప్రభువుల యేలుబడిలో నుండెను. దాపుననే సికింద్రాబాదు, తిరుమలగిరి, బొల్లారము దండులయందు ఆంగ్లేయ సైనికులు నివసించుచుండిరి. వారు సాయంకాలములయందు బంతియాట లాడుచుండగా ఊరి పిల్లలు గుంపులుగా పోయి చూచుచుండిరి. పిమ్మట తామును మొండికాళ్లతో బంతి తన్నుట నేర్చిరి. ఇట్లు ఈ క్రీడ హైదరాబాదు వీథులలో వేరూనినది.

రహీం గారు 1918వ సంవత్సరమున వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి బి. ఏ. పట్టమునొందిరి. అచ్చట విద్యార్థి దశయందే ఫుట్‌బాలులో మంచి నేర్పరి యని పేరొందిరి. చదువు ముగిసిన పిదప ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించిరి. కాచిగూడ, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ మొదలగు పాఠశాలలలో వరుసగా పనిచేసిరి. తరువాత వ్యాయామ విద్యయందును శిక్షణపొంది, తాము పనిచేయు పాఠశాలలలో పిల్లల ఆటపాటల బాధ్యతను తామే వహించిరి.

ఉపాధ్యాయునికి సహజముగా నుండదగిన గుణమొకటి వారియందు మెండుగా నుండెను. శిష్యుడు తప్పుచేసినప్పుడు కోపపడుటతో నూరకుండక, ఆ తప్పు ఏల కలిగినదో వెదకుట వారి యలవాటు. ఆనాటి పిల్లలలో రెండు లోపములను వారు గుర్తించిరి. ఒకటి, బంతి దొరికినవాడు దానిని తోడివాని కీయక, ఎదిరివారి నందఱిని తానొక్కడే దాటిపోవలెనని చూచుట. రెండవది, కుడికాలి వాటమువాడు ఎడమకాలిని కేవలము నిలుచుటకే వాడుకొనుట. ఈ లోపములను మాన్పుటకు వారు ఉపన్యాసములపై నాధారపడక క్రొత్త పోటీలను కల్పించిరి. ఒక పోటీలో బంతిని కాలివద్ద నుంచుకొని గింగిరములు త్రిప్పరాదు. వచ్చిన బంతిని వెంటనే తోడివానికి పంపవలెను. మఱియొక పోటీలో ఆటగాడు తన వాటములేని కాలితోడనే బంతిని తన్నవలెను. పొట్టివారైన బాలురు పొడగరుల నడుమ చిన్నబోకుండునట్లు, ఇంత యెత్తునకు లోబడినవారే యాడదగిన పోటీలను గూడ నేర్పాటుచేసిరి. మొదట నవ్వులాటగా నారంభమైన యీ పోటీలు కొన్ని యేండ్లలో నగరపు ఆటతీరునే మార్చివేసినవి.

1940వ దశకపు తొలి సంవత్సరములలో వారు హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శులైరి. జీవితాంతము ఆ పదవియందే యుండిరి. హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకులుగా నుండుటయు ఈ కాలముననే. ఆనాడు మన దేశమున ఫుట్‌బాలనగా కలకత్తాయే యని యెల్లరు తలచుచుండిరి. పోలీసు ఉద్యోగులతో గూడిన యీ దక్షిణాపథపు జట్టు ఆ తలంపును తారుమారు చేసినది. 1950వ సంవత్సరమున డ్యూరాండు కప్పు తుదిపోటీలో మోహన్ బగాన్ వారిని ఓడించినది. బొంబాయిలో జరుగు రోవర్సు కప్పును 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు గెలిచినది. నూర్ మహమ్మదు, అజీజు మొదలగువారు ఈ జట్టునందు వారి శిష్యులు. రాష్ట్రముల నడుమ జరుగు సంతోష్ ట్రోఫీ పోటీలలో గూడ హైదరాబాదు జట్టు 1956-57, 1957-58 సంవత్సరములయందు వరుసగా జయము గాంచెను.

ఇక జాతీయ జట్టు సంగతి. 1951వ సంవత్సరము మార్చి నెలలో మొట్టమొదటి ఆసియా క్రీడలు ఢిల్లీ నగరమున జరిగినవి. భారత జట్టునకు రహీం గారు శిక్షకులు, శైలేన్ మన్నా నాయకుడు. ఇండోనీషియాను, ఆఫ్ఘనిస్థానమును మూడేసి గోళ్లతో నోడించి, తుదిపోటీలో ఇరానును మేవాలాల్ చేసిన యొక్క గోలుతో గెలిచి, మనవారు స్వర్ణపతకమును పొందిరి. దేశమంతయు నుప్పొంగినది.

ఆ సంతోషము ఎక్కువకాలము నిలువలేదు. మఱుసటి సంవత్సరమే హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా వారి చేతిలో మనవారు 1-10 గోళ్ల తేడాతో ఘోరముగా నోడిపోయిరి. మనవారిలో పెక్కుమంది బూట్లు లేక ఉత్తకాళ్లతోనే యాడిరి. అచ్చటి నేల చల్లనిది, జారునది. పైగా స్వదేశపు పోటీలలో తొంబది నిమిషములకన్న తక్కువ సేపే యాడుట కలవాటుపడిన దేహములు ఆట ముగియువఱకు నిలువజాలకపోయినవి. ఇట్టి యోటమి పిమ్మట అనేకులు తమ యదృష్టమును నిందించి యూరకుందురు. రహీం గారు దానిని పరీక్షలో తప్పిన విద్యార్థి ప్రశ్నపత్రమును మరల చూచుకొనునట్లు చూచుకొనిరి. మనకు బూట్లు కావలెను, దమ్ము కావలెను, అన్నింటికన్న మించి, పదునొకండుగురును కలసి యాడు పద్ధతి కావలెను అని వారు నిశ్చయించిరి. బూట్లు లేక అంతర్జాతీయ పోటీల కేగుట ఆ మీదట నిలిచిపోయినది. యూరపు ఖండమున హంగేరీవారి యాటతీరును వారు శ్రద్ధగా పరిశీలించి, దానినుండి తమకు పనికివచ్చినదానిని గ్రహించి, పరుగుకన్న బంతి యందింపునకు ప్రాధాన్యమిచ్చు పద్ధతిని మన కుఱ్ఱవాండ్రకు నేర్పిరి.

నాలుగేండ్ల కా శ్రమ ఫలించినది. 1956వ సంవత్సరము మెల్బోర్ను ఒలింపిక్ క్రీడలలో భారత జట్టు ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను వారి గడ్డమీదనే 4-2 గోళ్లతో నోడించినది. ఆ యాటలో బొంబాయి యువకుడు నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోళ్లు చేసెను. ఒలింపిక్ ఫుట్‌బాలులో ఆసియావాసి యొకడు ఇట్లు మూడు గోళ్లు చేయుట అదియే ప్రథమము. ఒలింపిక్ ఫుట్‌బాలులో ఉపాంత్యదశకు చేరిన మొదటి ఆసియా జట్టు గూడ మనదే. పిదప యుగోస్లావియాతోను, మూడవ స్థానమునకై బల్గేరియాతోను ఓడి, మనవారు నాలుగవ స్థానమున నిలిచిరి. ఆ జట్టున హైదరాబాదు బాలురనేకులుండిరి. సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో పుట్టిన తులసీదాసు బలరాముడు వారిలో నొకడు. ఈ పేద యింటి బాలుని ప్రజ్ఞను కనిపెట్టి పైకి తెచ్చినది రహీం గారే.

1960వ సంవత్సరము రోము ఒలింపిక్ క్రీడలలో మన జట్టు హంగేరీతో 1-2 తేడాతో నోడి, ఫ్రాన్సుతో 1-1 గా సమముగా నిలిచి, పెరూతో 1-3 తేడాతో నోడినది. పతకము రాకున్నను, ఎనిమిదేండ్ల క్రిందట పది గోళ్లతో నోడిన దేశము గొప్ప జట్ల కెదురునిలిచి పోరాడెనని లోకము గుర్తించెను.

1962వ సంవత్సరమున జకార్తాయందు నాల్గవ ఆసియా క్రీడలు జరిగినవి. రహీం గారి జీవితమున కదియే శిఖరము. ఇజ్రాయెలు, తైవాను దేశములవారిని ఆ క్రీడలకు రానీయకపోవుటను ఆసియా క్రీడల స్థాపకులలో నొకరైన జి. డి. సోంధీ గారు బహిరంగముగా నాక్షేపించిరి. సోంధీ గారు భారతీయులగుటచేత ఇండోనీషియా ప్రజల యాగ్రహము మన దేశీయులందఱిపైకిని మరలినది. మన రాయబార కార్యాలయముపై గూడ దాడి జరిగినది. ఆటగాండ్రు బయటికి పోవుటకే సంకోచింపవలసి వచ్చెను. తొలి యాటలో మనవారు దక్షిణ కొరియాతో రెండు గోళ్ల తేడాతో నోడిరి. థాయిలాండుతో జరిగిన రెండవ యాటలో జయము కలిగినను, వెనుకదళమునకు ప్రాణమువంటి జర్నయిల్ సింగు తలకు గాయమై కుట్లు పడినవి.

ఇట్టి తరుణమున రహీం గారు చేసినది గమనింపదగినది. తలకు దెబ్బ తగిలిన జర్నయిల్ సింగును వెనుకదళమున నుంచుట అపాయమని తలచి, బలిష్ఠుడగు నతనిని ముందుదళమునకు మార్చిరి. అతడు దక్షిణ వియత్నాముతో జరిగిన ఉపాంత్య పోటీలో గోలు చేసెను. మనవారు 3-2 గోళ్లతో గెలిచిరి. సెప్టెంబరు 4వ తేదీన దక్షిణ కొరియాతోడనే తుదిపోటీ. పొడగరియైన తంగరాజును మరల గోలు కాపరిగా నిలిపిరి. సుమారు లక్షమంది ప్రేక్షకులు మనవారికి వ్యతిరేకముగా కేకలు వేయుచుండగా ఆట ప్రారంభమయ్యెను. పదునేడవ నిమిషమున పి. కె. బెనర్జీ, ఇరువదవ నిమిషమున జర్నయిల్ సింగు గోళ్లు చేసిరి. కొరియావారు చివరి నిమిషములలో ఒక గోలు చేసినను, చునీ గోస్వామి నాయకత్వమున మనవారు 2-1 గోళ్లతో గెలిచి స్వర్ణపతకమును పొందిరి. నిందించుచున్న జనసమూహమునకు మనవారు ఆటతోడనే ప్రత్యుత్తర మిచ్చిరి.

అప్పటికే రహీం గారి శరీరము క్షీణించుచుండెను. ఊపిరితిత్తులలో పుట్టిన క్యాన్సరు వ్యాధి వారిని మంచమున పడవేసెను. జకార్తా విజయమునకు సంవత్సరమైన నిండకమునుపే, 1963వ సంవత్సరము జూను 11వ తేదీన, తమ యేబదిమూడవ యేట వారు పరలోకగతులైరి. వారి కుమారుడు ఎస్. ఎస్. హకీం గారు 1960 నాటి ఒలింపిక్ జట్టునకు ఎన్నికై, పిమ్మట శిక్షకులుగాను అంతర్జాతీయ ఆట న్యాయనిర్ణేతగాను పేరొంది, 2021వ సంవత్సరమున మరణించిరి. బలరాముడు 2023వ సంవత్సరమున గతించెను. శిక్షకులను గౌరవించు ద్రోణాచార్య పురస్కారమును ప్రభుత్వమువారు 1985వ సంవత్సరమున స్థాపించిరి. అప్పటికి రహీం గారు గతించి ఇరువదిరెండేండ్లు. 2024వ సంవత్సరమున హిందీభాషలో మైదాన్ అను చలనచిత్రము వెలువడిన పిమ్మటనే వారి పేరు మరల నలుగురి నోట వినవచ్చినది.

వారి యనంతరము జరిగినది తలచుకొనిన మనస్సు కలతనొందును. 1970వ సంవత్సరమున బాంకాకు ఆసియా క్రీడలలో హైదరాబాదువాడైన నయీముద్దీను నాయకత్వమున మనకు కాంస్యపతకము లభించినది. అటుపిమ్మట ఆ క్రీడలలో పురుషుల ఫుట్‌బాలు పతకమేదియు మనకు రాలేదు. 1960 తరువాత ఒలింపిక్ ఫుట్‌బాలులో మన జట్టు అడుగుపెట్టలేదు. ఒలింపిక్ జట్లకు ఆటగాండ్ర నందించిన హైదరాబాదు నగరముననే ఆ యాట సన్నగిల్లినది. చెట్టు ఎంత పెద్దదైనను క్రింద మొలకలు లేనిచో తోట నిలువదు. రహీం గారు మొలకలను పెంచినది పెద్ద క్రీడారంగములందు గాక పాఠశాలల ముంగిళ్లయందే. వాటిని పెంచువారు తగ్గగానే తోట పలుచబడినది.

ఇందువలన మనము గ్రహింపదగినది కలదు. సాయంకాలము గంటసేపు ఆటకు పోయిన పిల్లవాడు చెడిపోవునని మన ప్రాంతమున కొందఱు తల్లిదండ్రులు భయపడుదురు. పరీక్షలు సమీపించగానే ఆటల గంటను లెక్కల గంటగా మార్చుట ఉపాధ్యాయులమైన మాకును అలవాటు. లక్షమంది కేకల నడుమ తొట్రుపడకుండుట, తన చేతికి వచ్చినదానిని తోడివాని కందించుట, ఓడిననాడు కారణము వెదకుట అను పాఠములను రహీం గారు తమ శిష్యులకు నల్లబల్లమీద నేర్పలేదు. అవి మైదానమునందు మాత్రమే వచ్చును.

శారదానది యొడ్డున, కోతయైన చెఱకు చేలలో పాతగుడ్డల బంతి తన్నుకొను తుమ్మపాల బాలురారా! మీకు ఖరీదైన బూట్లు లేకపోవచ్చును. పెద్ద మైదానమును లేకపోవచ్చును. రహీం గారు పెట్టిన పరీక్షకు మాత్రము ఏ పరికరమును అక్కఱలేదు. నేటి సాయంకాలము మీ వాటముకాని కాలితో బంతిని తన్ని చూడుడు. మొదటి వారము మీ స్నేహితులు నవ్వుదురు. నెలదినములు విడువక సాధన చేసినచో నవ్వినవారే మీ ప్రక్కకు వచ్చి నేర్పుమని యడుగుదురు. అప్పుడు వారికి కోపపడక నేర్పుడు. ఆ గురువుగారికి మనము చెల్లింపదగిన దక్షిణ అదియే.