పుట్టిన నిమిషానికే పదికి ఎన్ని మార్కులు? ఆప్గార్ స్కోర్ తెచ్చిన డాక్టర్ కథ

ప్రసవం తర్వాత ఆసుపత్రి ఇచ్చే డిశ్చార్జి సమ్మరీలో బిడ్డ బరువు దగ్గర్లోనే ‘ఆప్గార్ 7, 9’ లాంటి అంకెలు కనిపిస్తాయి. చాలామంది వాటిని పట్టించుకోరు. చూసినవాళ్లేమో ఏడే ఎందుకు వచ్చాయని కంగారు పడతారు. ఆ అంకెలు ఏం చెబుతాయో, ఏం చెప్పవో అర్థం కావాలంటే వాటిని మొదలుపెట్టిన అమెరికన్ డాక్టర్ వర్జీనియా ఆప్గార్ గురించి తెలుసుకోవాలి.

సర్జన్ కాబోయి అనస్థీషియాకు

వర్జీనియా 1909 జూన్ 7న న్యూజెర్సీ రాష్ట్రంలోని వెస్ట్‌ఫీల్డ్‌లో పుట్టారు. ఆమె అన్నల్లో ఒకరు చిన్న వయసులోనే క్షయతో చనిపోయారు. మౌంట్ హోలియోక్ కాలేజీలో జంతుశాస్త్రం చదివేటప్పుడు ఖర్చుల కోసం ఆమె రకరకాల పనులు చేశారు. ల్యాబ్ కోసం వీధి పిల్లుల్ని పట్టి తేవడం అందులో ఒకటి. 1933లో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీ నుంచి మెడిసిన్ పూర్తి చేశారు. అది ఆర్థిక మాంద్యం కాలం. డిగ్రీతో పాటు అప్పులూ మిగిలాయి.

ఆమె సర్జరీలో శిక్షణ మొదలుపెట్టారు. పనితనం నచ్చినా, విభాగాధిపతి అలెన్ విపుల్ ఆమెను అనస్థీషియా వైపు వెళ్లమని సలహా ఇచ్చారు. మహిళా సర్జన్లు నిలదొక్కుకోవడం ఎంత కష్టమో ఆయన చూశారు. పైగా మత్తు ఇచ్చే పద్ధతి మెరుగుపడితే తప్ప సర్జరీ ముందుకు పోదని ఆయన నమ్మకం. అప్పట్లో మత్తు ఇవ్వడం ఎక్కువగా నర్సుల పని. ఆమె ఆ విద్య నేర్చుకుని 1938లో కొలంబియాకు తిరిగొచ్చి అనస్థీషియా విభాగాన్ని నడిపారు.

1949లో ఆ విభాగం పూర్తి స్థాయి డిపార్ట్‌మెంట్ అయినప్పుడు అధిపతి పదవి మాత్రం ఒక మగ డాక్టర్‌కు దక్కింది. అదే ఏడాది ఆమె ఆ వైద్య కళాశాలలో ప్రొఫెసర్ అయిన తొలి మహిళ అయ్యారు. అప్పటి నుంచి ప్రసవాల్లో ఇచ్చే మత్తు మీద దృష్టి పెట్టారు.

ప్రసవ గదిలో ఏం లోపించింది?

అమెరికాలో అప్పటికి శిశు మరణాలు తగ్గుతూ వస్తున్నాయి. కానీ పుట్టిన 24 గంటల్లో చనిపోయే పిల్లల రేటు తగ్గలేదు. ప్రసవం కాగానే అందరి చూపూ తల్లి మీదే ఉండేది. నీలంగా మారి ఊపిరి సరిగా తీసుకోని బిడ్డ ఇక బతకదని వదిలేసిన సందర్భాలూ ఉన్నాయి. బిడ్డ పరిస్థితిని అందరూ ఒకేలా కొలిచే పద్ధతి లేదు.

ఒకరోజు ఆసుపత్రి క్యాంటీన్‌లో టిఫిన్ చేస్తుండగా ఒక విద్యార్థి, పుట్టిన బిడ్డను ఎలా అంచనా వేయాలని అడిగాడని, ఆమె చేతికందిన కాగితం మీద ఐదు అంశాలు రాసిచ్చారని చెబుతారు. 1953లో ఆ పద్ధతి వైద్య పత్రికలో అచ్చయింది. ఒక్కో అంశానికి 0, 1 లేదా 2 మార్కులు:

• గుండె: నిమిషానికి 100 సార్లకు పైగా కొట్టుకుంటే 2, తక్కువైతే 1
• ఊపిరి: గట్టిగా ఏడిస్తే 2, ఊపిరి నెమ్మదిగా, తడబడుతూ ఉంటే 1
• కండరాల పట్టు: కాళ్లూ చేతులూ బాగా కదిలిస్తే 2, కొద్దిగా ముడిస్తే 1
• స్పందన: తాకినప్పుడు ఏడిస్తే, తుమ్మితే 2, ముఖం చిట్లిస్తే 1
• రంగు: ఒళ్లంతా గులాబీ రంగులో ఉంటే 2, చేతులు, పాదాలు మాత్రం నీలంగా ఉంటే 1

పుట్టగానే చేతులు, పాదాలు నీలంగా ఉండటం మామూలే. అందుకే ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు కూడా మొదటి నిమిషంలో 10 రావడం అరుదు.

నెలలు నిండి పుట్టినవారిలో 0 నుంచి 2 వచ్చిన పిల్లల్లో 14 శాతం మంది చనిపోయారని ఆమె లెక్క తేల్చింది. 3 నుంచి 7 వచ్చినవారిలో అది 1.1 శాతం, 8 నుంచి 10 వచ్చినవారిలో 0.13 శాతం. ఐసీయూ రోగుల కోసం 1981లో వచ్చిన అపాచీ, 1996లో వచ్చిన సోఫా స్కోర్లది కూడా ఇదే దారి. శరీరం ఎంత దెబ్బతిందో అంకెల్లో పెట్టి ముప్పును అంచనా వేస్తాయి.

స్కోర్ వేయాలంటే ఎవరో ఒకరు బిడ్డను చూసి తీరాలి. తక్కువ వస్తే ఏదో ఒకటి చేయాలి. అసలు మార్పు అక్కడే వచ్చింది. తల్లికి ఇచ్చే సైక్లోప్రొపేన్ మత్తు బిడ్డను కుంగదీస్తోందని బయటపడ్డాక, తనకు ఇష్టమైన మందే అయినా ఆప్గార్ దాన్ని ప్రసవాల్లో మానేశారు.

1959లో ప్రజారోగ్యంలో డిగ్రీ చేసి, పుట్టుకతో వచ్చే లోపాల మీద పనిచేసే మార్చ్ ఆఫ్ డైమ్స్ సంస్థలో చేరారు. రుబెల్లా టీకా కోసం ప్రచారం చేశారు. 1974 ఆగస్టు 7న, తాను పనిచేసిన ఆసుపత్రిలోనే 65 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

తక్కువ స్కోర్ వస్తే భయపడాలా?

ఆ శాతాలు వేర్వేరు గుంపుల పిల్లలవి. ఫలానా బిడ్డ బతుకుతుందా, పెద్దయ్యాక చురుగ్గా ఉంటుందా అన్నది ఈ అంకెతో తేల్చకూడదని నేటి వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. నెలలు నిండకుండా పుట్టినా, తల్లికి ఇచ్చిన మత్తు ప్రభావం ఉన్నా స్కోర్ తగ్గుతుంది. చామనఛాయ పిల్లల్లో ఒంటి రంగుతో పొరబడొచ్చు. అందుకే పెదవులు, నాలుక చూడాలి.

స్కోర్‌ను 1వ, 5వ నిమిషాల్లో వేస్తారు. 5వ నిమిషంలో 7 కంటే తక్కువ ఉంటే 20 నిమిషాల దాకా ప్రతి 5 నిమిషాలకోసారి మళ్లీ చూస్తారు. ఊపిరి అందని బిడ్డకు సాయం మాత్రం స్కోర్ కోసం ఆగదు. మొదటి నిమిషంలోనే మొదలవ్వాలి. దీనికోసమే మన దేశంలో 2009 నుంచి నవజాత శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రసవాలు చేసే సిబ్బందికి శిక్షణ ఇస్తున్నారు.

మీ బిడ్డకు 5వ నిమిషం స్కోర్ తక్కువగా ఉంటే డాక్టర్‌ను మూడు విషయాలు అడగండి: ఏ అంశంలో మార్కులు తగ్గాయి? ఏ చికిత్స చేశారు? మళ్లీ ఎప్పుడు చూపించాలి? జబ్బుపడిన శిశువులకు ఏడాది వయసు వరకూ ప్రభుత్వ ఆసుపత్రుల్లో చికిత్స, మందులు, పరీక్షలు, రవాణా జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఉచితం. డిశ్చార్జి కాగితాన్ని పారేయకండి. తర్వాత చూసే పిల్లల డాక్టర్‌కు అది అవసరమవుతుంది.