డెన్నిస్ రిచీ

డెన్నిస్ మాక్‌అలిస్టర్ రిచీ (సెప్టెంబరు 9, 1941 - అక్టోబరు 2011) ప్రఖ్యాత అమెరికన్ కంప్యూటరు శాస్త్రవేత్త. సీ ప్రోగ్రామింగ్ భాషను రూపొందించాడు. కెన్ థాంప్సన్‌తో కలిసి యునిక్స్ నిర్వహణ వ్యవస్థను నిర్మించాడు. ప్రోగ్రాము నుండి ఫైలులోకి అక్షరాలను పంపే పద్ధతికి, అనగా బఫరు ద్వారా వ్రాసే విధానానికి, సీ భాషలో ప్రామాణిక రూపం ఏర్పడటంలో ఈయన కృషి ముఖ్యమైనది. సహోద్యోగులలో డీఎంఆర్ అన్న పొడి అక్షరాలతో ప్రసిద్ధుడు.

బాల్యం, విద్యాభ్యాసం

రిచీ న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రాంక్స్‌విల్ లో జన్మించాడు. తండ్రి అలిస్టర్ రిచీ బెల్ ల్యాబ్స్‌లో శాస్త్రవేత్త. స్విచింగ్ వలయాల రూపకల్పనపై వెలువడిన గ్రంథానికి సహరచయిత. బాల్యంలోనే కుటుంబం న్యూజెర్సీలోని సమ్మిట్ పట్టణానికి తరలివెళ్ళింది. రిచీ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రంలో పట్టా పొంది, ఆపై అనువర్తిత గణితశాస్త్రంలో పరిశోధన సాగించాడు. 1968లో సిద్ధాంత వ్యాసం పూర్తి చేసినా, దాని బైండు ప్రతిని విశ్వవిద్యాలయానికి సమర్పించకపోవడం వలన డాక్టరేటు పట్టా అందలేదు. చాలాకాలం కనబడకుండాపోయిన ఆ వ్యాసాన్ని 2020లో కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం వెలుగులోకి తెచ్చింది.

బెల్ ల్యాబ్స్‌లో కృషి

1967లో రిచీ తండ్రి పనిచేసిన బెల్ ల్యాబ్స్‌లోనే చేరాడు. అప్పట్లో ఆ సంస్థ మల్టిక్స్ అనే బృహత్తర నిర్వహణ వ్యవస్థ నిర్మాణంలో భాగస్వామి. పని ఎంతకూ ముగియకపోవడంతో 1969లో సంస్థ ఆ ప్రయత్నం నుండి తప్పుకొంది. అదే సంవత్సరం థాంప్సన్ పీడీపీ-7 అనే చిన్న కంప్యూటరుపై ఒక కొత్త వ్యవస్థను ప్రారంభించగా రిచీ అందులో పాలుపంచుకున్నాడు. అదే యునిక్స్.

థాంప్సన్ రూపొందించిన బీ భాషకు దత్తాంశ రకాలను చేర్చుతూ 1971-73 మధ్య రిచీ సీ భాషను తీర్చిదిద్దాడు. 1973లో యునిక్స్ కేంద్రభాగాన్ని సీ భాషలో తిరిగి వ్రాశారు. నిర్వహణ వ్యవస్థలను యంత్రానికి దగ్గరగా ఉండే అసెంబ్లీ భాషలోనే వ్రాయడం పరిపాటిగా ఉన్న రోజులలో ఇది సాహసమే. దీని ఫలితంగా యునిక్స్‌ను ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి తరలించడం సులువయింది.

ఫైలులోకి వ్రాయడం - బఫరు

సీ భాషలో ముద్రించు, చదువు అనే ఆదేశాలు భాషలో భాగం కావు. ఆ పనులను గ్రంథాలయ ప్రమేయాలకు వదిలివేశారు. మొదట మైక్ లెస్క్ 1972 ప్రాంతంలో ఒక ప్రమేయాల సముదాయాన్ని తయారుచేశాడు. అది సంస్కరణలు పొంది ప్రామాణిక ఇన్‌పుట్-అవుట్‌పుట్ గ్రంథాలయంగా మారింది. ఈ కొత్త సముదాయాన్ని వివరించే పత్రాన్ని రిచీయే వ్రాశాడు. 1979లో వెలువడిన యునిక్స్ ఏడవ కూర్పుతో ఇది విస్తృత వ్యాప్తి పొందింది. ఆ కూర్పులో బఫరు పరిమాణం 512 బైట్లు.

బఫరు అవసరమేమిటో తెలియాలంటే ఫైలులోకి వ్రాయడానికి అయ్యే ఖర్చు తెలియాలి. ప్రోగ్రాము తనంతట తాను డిస్కును తాకలేదు; ప్రతిసారీ సిస్టమ్ కాల్ ద్వారా నిర్వహణ వ్యవస్థను అర్థించాలి. ఈ రాకపోకలు ఖరీదైనవి. సిరిసిల్ల మరమగ్గాలపై నేసిన బట్టను గజం గజానికీ కత్తిరించి అంగడికి పంపితే బండి కిరాయికే చాలదు. తాను పూర్తయ్యాక పంపడమే లాభం. బఫరు కూడా అటువంటిదే. అక్షరాలను జ్ఞాపకంలో పోగుచేసి ఒక్కసారిగా పంపుతుంది.

పంక్తికి 80 అక్షరాల చొప్పున 1,000 పంక్తులను ఫైలులో వ్రాయాలనుకుందాం. మొత్తం 80,000 అక్షరాలు.

బఫరు లేని పద్ధతి: అక్షరానికొక సిస్టమ్ కాల్ చొప్పున 80,000 కాల్స్ అవసరం.
పంక్తి బఫరు: పంక్తి ముగింపు గుర్తు రాగానే పంపుతుంది. 1,000 కాల్స్ చాలు.
పూర్తి బఫరు: నిండిన తరువాతనే పంపుతుంది. బఫరు 4,096 బైట్లదైతే 20 కాల్స్ చాలు.

వేగంలో పూర్తి బఫరుదే పైచేయి. అయితే ప్రోగ్రాము మధ్యలో కుప్పకూలితే బఫరులో మిగిలిన అక్షరాలు ఫైలుకు చేరకుండానే పోతాయి. పంక్తి బఫరులో అప్పటివరకు పూర్తయిన పంక్తులన్నీ నిర్వహణ వ్యవస్థకు చేరి ఉంటాయి. నష్టపోయేది అసంపూర్తి పంక్తి మాత్రమే. అందువలన జరిగిన సంగతులను నమోదుచేసే లాగ్ ఫైళ్ళకు ఈ పద్ధతి అనువైనది.

ఏడవ కూర్పులో పంక్తి బఫరు లేదు. తెరపైకి వెళ్ళే అక్షరాలు బఫరు లేకుండానే వెళ్ళేవి. తరువాత బర్క్‌లీ, సిస్టమ్-ఫైవ్ యునిక్స్ రూపాలలో పంక్తి బఫరు వాడుకలోకి వచ్చింది. 1989 నాటి అమెరికన్ ప్రమాణం మూడు పద్ధతులనూ గుర్తించి, వాటిలో ఒకదానిని ఎంచుకోవడానికి సెట్‌విబఫ్ అనే ప్రమేయాన్ని నిర్దేశించింది. దీనిని ఫైలు తెరిచిన వెంటనే, దానిపై మరే పనీ చేయకముందే పిలవాలి. బఫరులో ఉన్నదానిని వెంటనే పంపడానికి ఎఫ్‌ఫ్లష్ ఉపయోగపడుతుంది. ఇది అక్షరాలను నిర్వహణ వ్యవస్థకు మాత్రమే చేరుస్తుంది. డిస్కుపై స్థిరపడటానికి యునిక్స్ వ్యవస్థలలో ఎఫ్‌సింక్ అనే వేరొక కాల్ ఉంది.

గ్రంథ రచన, ప్రమాణీకరణ

బ్రయాన్ కెర్నిగాన్‌తో కలిసి రిచీ వ్రాసిన ది సీ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ 1978లో వెలువడింది. రచయితల పేర్ల తొలి అక్షరాలతో కే అండ్ ఆర్ గా ప్రసిద్ధి చెందిన ఈ చిన్న పుస్తకం ప్రమాణం వచ్చేవరకు భాషకు ప్రమాణంగా నిలిచింది. ఫైలును తెరిచే, అక్షరాన్ని చదివే ప్రమేయాలను బఫరుతో సహా ఎలా నిర్మించవచ్చో దీని చివరి అధ్యాయం చూపుతుంది. భాషా ప్రమాణం తయారవుతున్న కాలంలో నోఎలియాస్ అనే కొత్త పదాన్ని చేర్చే ప్రతిపాదనను రిచీ 1988లో గట్టిగా వ్యతిరేకించగా, కమిటీ దానిని తొలగించింది.

తెలుగునాట సీ భాష బోధన

జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం, హైదరాబాదు పరిధిలో మొదటి సంవత్సరం ఇంజనీరింగు విద్యార్థులకు ప్రోగ్రామింగ్ బోధన సీ భాషతోనే సాగుతూ వచ్చింది. ఈ విశ్వవిద్యాలయం 2007లో జగిత్యాల సమీపాన నాచుపల్లిలోను, 2021లో సిరిసిల్లలోను ఇంజనీరింగు కళాశాలలను ప్రారంభించింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల విద్యార్థులకు స్వస్థలానికి దగ్గరలోనే ఈ చదువు అందుబాటులోకి వచ్చింది.

ఫైళ్ళ పాఠంలో కొత్త విద్యార్థులను తరచుగా తికమకపెట్టేది బఫరే. తెరపై పంక్తి పంక్తిగా కనిపించిన ఫలితం ఫైలులోకి మళ్ళించినప్పుడు వెంటనే కనిపించదు. తెరకు పంక్తి బఫరు, ఫైలుకు పూర్తి బఫరు ఉండటమే సాధారణంగా దీనికి కారణం. ప్రోగ్రాము 900వ పంక్తి వద్ద కూలిపోయినా ఫైలులో 870 వరకే ఉండవచ్చు. ఈ సంగతి తెలియనివారు దోషాన్ని లేనిచోట వెతుకుతారు.

పురస్కారాలు

1983: థాంప్సన్‌తో కలిసి ట్యూరింగ్ పురస్కారం
1990: థాంప్సన్‌తో కలిసి హామింగ్ పతకం
1999: అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ చేతుల మీదుగా 1998 సంవత్సరపు జాతీయ సాంకేతిక పతకం
2011: థాంప్సన్‌తో కలిసి జపాన్ బహుమతి

చివరి రోజులు

యునిక్స్ తరువాత రూపొందిన ప్లాన్ 9, ఇన్ఫెర్నో వ్యవస్థలలోనూ రిచీ పాత్ర ఉంది. 2007లో పదవీవిరమణ చేశాడు. న్యూజెర్సీలోని బర్క్‌లీ హైట్స్‌లో ఒంటరిగా నివసిస్తూ, అక్టోబరు 12, 2011న స్వగృహంలో మరణించి కనిపించాడు. అంతకు వారం రోజుల ముందు, అక్టోబరు 5న, ఆపిల్ సంస్థ స్థాపకులలో ఒకడైన స్టీవ్ జాబ్స్ మరణించాడు. ఆ వార్త ప్రపంచమంతటా మారుమ్రోగుతుండగా రిచీ మరణం సామాన్య ప్రజల దృష్టికి అంతగా రాలేదు. ఆపిల్ కంప్యూటర్లలోని నిర్వహణ వ్యవస్థ కూడా యునిక్స్ సంతతికి చెందినదే.

ప్రభావం

లినక్స్ కేంద్రభాగం ప్రధానంగా సీ భాషలోనే వ్రాయబడింది. సీ ప్లస్ ప్లస్ సీ నుండి పుట్టగా, జావా తదితర భాషలు దాని వాక్యనిర్మాణాన్ని అనుసరించాయి. 2015లో తొలి స్థిరమైన కూర్పుగా విడుదలైన రస్ట్ అనే వ్యవస్థా ప్రోగ్రామింగ్ భాషలోనూ ఫైలుకు పంక్తి పంక్తిగా పంపడానికి లైన్‌రైటర్ అనే సాధనం ఉంది. భాష మారినా, కొంత పోగుచేసి పంపే పద్ధతి, ఎప్పుడు పంపాలన్న ప్రశ్న అలాగే నిలిచి ఉన్నాయి.