పాఠం: గుండమ్మ గారి అసలు కథ

పిల్లలూ, ఈసారి ఇండియాకి వీడియో కాల్ చేసినప్పుడు సూర్యకాంతం ఎవరని మీ అమ్మమ్మనో నానమ్మనో అడగండి. ముందు ఫక్కున నవ్వుతారు. తర్వాత గయ్యాళి అత్త అని చెప్తారు. గయ్యాళి అంటే పెద్ద నోరేసుకుని అందరి మీదా పడిపోయే ఆడమనిషి. (ఈ మాట ఆడవాళ్ళకే వాడతాం. మగవాళ్ళకి ఇలాంటి మాట ఏదైనా ఉందేమో మీ నాన్నగారిని అడిగి చూడండి. నాకైతే వెంటనే ఏదీ తట్టలేదు.)

సూర్యకాంతం గారు నలభై ఏళ్ళకు పైగా తెలుగు సినిమాల్లో నటించారు. కోడళ్ళని ఏడిపించే అత్తగా, సవతి తల్లిగా తెలుగువాళ్ళందరికీ తెలుసు. కానీ ఆవిడ ఇల్లు వదిలి మద్రాసు వెళ్ళింది అత్త వేషాల కోసం కాదు, హీరోయిన్ అవుదామని.

ఆవిడ 1924 అక్టోబరు 28న కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురంలో పుట్టారు. అమ్మానాన్నలకి పధ్నాలుగో సంతానం. అవును, పధ్నాలుగే! మీరు చదివింది తప్పు కాదు. ఆరేళ్ళ వయసులోనే పాటలు పాడటం, డాన్సు చెయ్యటం నేర్చుకున్నారు. కాస్త పెద్దయ్యాక హిందీ సినిమా పోస్టర్లంటే పిచ్చి ఇష్టం ఏర్పడింది. ఇప్పుడు మీరు ఫోన్లో ఫిల్టర్ వేసిన ముఖాలు చూస్తున్నారు కదా, అప్పటి ఆడపిల్లలకి గోడమీద పోస్టరే ఆ ఫోను. అందులో ఉన్న ముఖమే అందం. మనమూ అలా ఉంటేనే మనల్ని ఎవరైనా చూస్తారు అనిపించేది.

మద్రాసులో జెమినీ స్టూడియో వాళ్ళు ఆవిడని చంద్రలేఖ సినిమాలో డాన్సర్‌గా తీసుకున్నారు. ఆ సినిమా 1948లో విడుదలైంది. నెలకి 65 రూపాయలు జీతం. అది తన పనికి చాలదని ఆవిడ నేరుగా నిర్మాతకే చెప్పారు. 75 చేశారు. పదిరూపాయలేగా అనుకోకండి. ఊరి నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి పెద్ద స్టూడియో యజమాని ముందు నిలబడి తన విలువ ఎంతో తనే చెప్పడం ఆ రోజుల్లో మాటలు కాదు.

తర్వాత చిన్నాచితకా వేషాలు వచ్చాయి. అవి నచ్చక జెమినీ నుంచి బయటకొచ్చేశారు. బొంబాయి వెళ్దామనుకున్నారు, చేతిలో డబ్బు లేదు. ఎదురుచూడగా ఎదురుచూడగా, చివరికి సౌదామిని అనే సినిమాలో హీరోయిన్ వేషం వచ్చింది.

సరిగ్గా అప్పుడే కారు ప్రమాదం జరిగింది. ముఖానికి గాయమైంది. వేషం పోయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ప్రమాదంలో ఆవిడ గొంతు పోలేదు. నటన ఎక్కడికీ పోలేదు. ముఖం మీద దెబ్బ తగిలింది, అంతే. అయినా వేషం పోయిందంటే హీరోయిన్‌లో సినిమావాళ్ళు ముందుగా ఏం చూస్తారో మీకే అర్థమవుతుంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ సంగతి తలుచుకుంటే నాకు కోపమే వస్తుంది.

మరోసారి ఒక బొంబాయి నిర్మాత ఆవిడని హీరోయిన్‌గా అడిగారు. అయితే ముందుగా తీసుకున్న ఒక నటిని తీసేసి ఆ వేషం తనకి ఇస్తున్నారని ఆవిడకి తెలిసింది. ఒప్పుకోలేదు. ఒకమ్మాయిని వద్దని పక్కన పెడితే ఎలా ఉంటుందో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

ఇక 1950లో వచ్చిన సంసారం సినిమా. అందులో మొదటిసారి గయ్యాళి అత్త వేషం వేశారు. అప్పుడు ఆవిడ వయసు ఎంతో తెలుసా? 26 ఏళ్ళు! అదే సినిమాలో నటించిన అక్కినేని నాగేశ్వరరావు గారు ఆవిడ కన్నా నెల రోజులు పెద్ద. ఎన్టీ రామారావు గారు ఏడాది పెద్ద. పుస్తకం పక్కన పెట్టి ఇంకో లెక్క చెయ్యండి. 1981లో ప్రేమాభిషేకం వచ్చింది. అందులో నాగేశ్వరరావు గారు హీరో, శ్రీదేవి హీరోయిన్. 1924లో పుట్టిన ఆయనకి అప్పుడు ఎన్నేళ్ళు? 1963లో పుట్టిన శ్రీదేవికి ఎన్ని? ఆయన గొప్ప నటుడు, అందులో సందేహం లేదు. కానీ ఆయన ఈడు ఆడమనిషికి 26 ఏళ్ళకే అత్త చీర కట్టబెట్టారు. ఈ లెక్క గురించి ఇంట్లో అందరూ కలిసి మాట్లాడుకోండి, వాదించుకున్నా పరవాలేదు.

అత్త వేషం వచ్చింది కదా అని ఆవిడ ముఖం ముడుచుకుని చెయ్యలేదు. ఎడమ చెయ్యి విసిరేవారు. మూతి తిప్పేవారు. కళ్ళు ఉరిమేవి, మరుక్షణం దొంగ ఏడుపు. మాటలు పేలాల్లా పేలేవి. కెమెరా ముందు అందంగా కనపడాలన్న దిగులు ఆ ముఖంలో మచ్చుకైనా ఉండదు. 1957లో వచ్చిన మాయాబజార్‌లో ఆవిడ హిడింబి, అంటే రాక్షసుడైన ఘటోత్కచుడికి అమ్మ. ఘటోత్కచుడిగా వేసిన ఎస్వీ రంగారావు గారు ఆ అమ్మ కన్నా ఆరేళ్ళు పెద్దవారు! సినిమా చూస్తుంటే మనకి ఆ అనుమానమే రాదు.

1962లో గుండమ్మ కథ వచ్చింది. అందులో రామారావు గారు, నాగేశ్వరరావు గారు ఇద్దరూ ఉన్నారు. సావిత్రి, జమున హీరోయిన్లు. అప్పట్లో అంతకన్నా పెద్ద పేర్లు లేవు. అయినా సినిమాకి పెట్టిన పేరు ఎవరిది? సవతి కూతురి చేత ఇంటిపనంతా చేయించే గుండమ్మది. ఒకప్పుడు హీరోయిన్‌గా పనికిరాదన్న మనిషి పాత్ర పేరే గోడల మీద పోస్టర్లకి ఎక్కింది. ఇంకో విశేషం ఏంటంటే, సినిమా చివరికొచ్చేసరికి ఆ గుండమ్మని చూస్తే మనకి జాలేస్తుంది. అంతసేపు తిట్టుకున్న మనిషి మీద జాలి పుట్టించడం అందరి వల్లా కాదు.

దీనికి ఆవిడ ఇచ్చుకున్న ఖరీదు కూడా ఉంది. సూర్యకాంతం అనేది చక్కని పాత పేరు. సూర్యకాంతమణి అంటే ఎండ తగలగానే నిప్పు పుట్టించే రాయి అని పాత కావ్యాల్లో వర్ణిస్తారు. ఆవిడ వేషాల దెబ్బకి ఆ పేరు తిట్టయి కూర్చుంది. పుట్టిన పిల్లకి ఆ పేరు పెట్టడానికి జనం జంకారు. తెర మీద అత్తకీ, తెర వెనక మనిషికీ తేడా చూడలేదు. తెర వెనక ఆవిడ ఇంట్లో వండిన రకరకాల పదార్థాలు షూటింగుకి మోసుకొచ్చి, తోటివాళ్ళందరికీ కొసరి కొసరి వడ్డించేవారు. సినిమాలో తన చేత చీవాట్లు తిన్నవాళ్ళే మధ్యాహ్నం ఆవిడ చేతి వంట తినేవాళ్ళు.

సూర్యకాంతం గారు 1994లో మద్రాసులో చనిపోయారు.

ఈ వారం మీ పని: ఇంట్లో పెద్దవాళ్ళతో కూర్చుని గుండమ్మ కథ చూడండి. పాత సినిమా, నలుపు తెలుపు అని మధ్యలో లేవకండి. ఒక్క సీనులో గుండమ్మ ఎడమ చేతిని మాత్రమే గమనించి, ఆ చెయ్యి ఏమేం చెప్పిందో అయిదు వాక్యాల్లో తెలుగులో రాసి తీసుకురండి.