ఆక్స్‌ఫర్డ్ చదువు.. అన్నదాతకు అంకితం

పొన్నూరు: సముద్రాలు దాటి ఆర్థికశాస్త్రం అభ్యసించి, ఆ విద్యను పొలం గట్టు మీదికి తెచ్చిన మేధావి ఆచార్య ఎన్.జి.రంగా. అప్పు, శిస్తు, ధర.. ఈ మూడింటి నడుమ నలిగే సేద్యగాని బతుకే ఆయన జీవితకాల అధ్యయనాంశమైంది.

గోగినేని రంగనాయకులు 1900 నవంబరు 7న గుంటూరు జిల్లా నిడుబ్రోలులో వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. స్వగ్రామంలో పాఠశాల విద్య, గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో పై చదువు సాగాయి. అనంతరం ఇంగ్లండు వెళ్లి 1926లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి ఆర్థికశాస్త్రంలో బి.లిట్. పట్టా అందుకున్నారు. స్వదేశానికి తిరిగివచ్చి మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆచార్యులుగా పనిచేశారు. ఆనాటి నుంచి పేరుకు ముందు ఆచార్య పదం స్థిరపడిపోయింది.

గ్రామమే గ్రంథం

విదేశీ పట్టా పొందినా రంగా దృష్టి పల్లెను వీడలేదు. భారతీయ గ్రామాల ఆర్థిక వ్యవస్థపై ఆంగ్లంలో రెండు సంపుటాల గ్రంథం రచించారు. 1926లో వెలువడిన తొలి సంపుటి ఆంధ్ర ప్రాంతపు డెల్టా గ్రామాలను పరిశీలించింది. పాశ్చాత్య పుస్తకాల్లోని సూత్రాలతో సరిపెట్టుకోక, కళ్లెదుట ఉన్న రైతు రాబడిని, ఖర్చును లెక్కగట్టడం నాటికి అరుదైన కృషి.

ఆ లెక్కల అవసరం త్వరలోనే తెలిసివచ్చింది. 1929లో మొదలైన ప్రపంచ ఆర్థికమాంద్యంతో పంటల ధరలు కుప్పకూలాయి. శిస్తు, వడ్డీ మాత్రం తగ్గలేదు. వాటిని నగదుగా చెల్లించవలసి రావడంతో, అదే బాకీ తీర్చడానికి రైతు మునుపటికన్నా ఎక్కువ బస్తాలు అమ్ముకోవలసి వచ్చింది. పంట బాగా పండినా అప్పు తీరకపోవడానికి కారణం ఇదే.

ఉద్యమ బాట

1930లో గాంధీజీ పిలుపు మేరకు రంగా స్వాతంత్య్రోద్యమంలో చేరారు. వెంకటగిరి జమీందారీ రైతుల పక్షాన నిలిచారు. నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం నెలకొల్పి, కృషీవలులకు రాజకీయ శిక్షణ ఇచ్చారు. కళాశాల తరగతి గదిలో చెప్పిన పాఠం రైతు చెంతకు చేరింది అక్కడే. 1936 ఏప్రిల్‌లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఆవిర్భవించినపుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షులు కాగా, రంగా ప్రధాన కార్యదర్శి అయ్యారు.

ఆయన మార్గం అందరికీ సమ్మతం కాలేదు. సొంత భూమి గల రైతుకే ప్రాధాన్యమిచ్చారని, భూమిలేని కూలీ వెనుకబడ్డాడని వామపక్షాలు విమర్శించాయి. చిన్న కమతమైనా రైతు చేతిలోనే ఉండాలన్న నమ్మకాన్ని ఆయన వీడలేదు. 1959లో నాగపూరు కాంగ్రెసు మహాసభ సహకార సమష్టి వ్యవసాయాన్ని లక్ష్యంగా తీర్మానించగా, దానిని వ్యతిరేకించి కాంగ్రెసును వీడారు. రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీని స్థాపించి, దానికి తొలి అధ్యక్షులయ్యారు. తరువాతి కాలంలో తిరిగి కాంగ్రెసులో చేరి 1980, 1984, 1989లలో గుంటూరు లోక్‌సభ స్థానం నుంచి గెలుపొందారు. 1991లో పద్మవిభూషణ్ పురస్కారం లభించింది. 1995 జూన్ 9న కన్నుమూశారు.

పేరు నిలిచింది.. ప్రశ్న మిగిలింది

1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి 1996లో ఆయన పేరు పెట్టారు. రాష్ట్ర విభజన అనంతరం ఆ విశ్వవిద్యాలయ కేంద్రం గుంటూరు చెంతనున్న లాంకు చేరింది. మిర్చి, పత్తి వంగడాల పరిశోధనకు లాం క్షేత్రం పేరెన్నికగన్నది. వ్యవసాయ ఆర్థికశాస్త్రంలో ఉన్నత విద్య అభ్యసించేవారికి ఇదే విశ్వవిద్యాలయం నేడు సొంత రాష్ట్రంలోనే అవకాశం కల్పిస్తోంది. అందుకోసం రంగా మాదిరి సముద్రాలు దాటనక్కరలేదు.

కొత్త వంగడాలతో దిగుబడి పెరిగింది. అయినా కోత ముగిసిన వెంటనే అప్పులవాళ్ల ఒత్తిడికి మిర్చి టిక్కీలు యార్డుకు తోలి, ఆ పూట పలికిన ధరకే అమ్ముకొనే రైతు ఇప్పటికీ ఉన్నాడు. పంట పండించినవానికి ధర నిర్ణయంలో చోటెక్కడ అన్న రంగా ప్రశ్నకు జవాబు వెదకడమే ఆ మహనీయునికి నిజమైన నివాళి.