కోతకు ముందే నొప్పికి మందు: డాక్టర్ జార్జి క్రైల్ జీవితం

చంద్రపూర్, రాజురా, బల్లార్షా పరిసర గ్రామాల నుండి ఊపిరితిత్తుల శస్త్రచికిత్సకై నాగపూర్‌కో హైదరాబాద్‌కో వెళ్లే కుటుంబాలకు ఒక సందేహం కలుగుతుంది. కోత పెట్టకమునుపే నొప్పికి మందు ఎందుకు? ఈ ఆలోచనకు ఆద్యుడు అమెరికా శస్త్రవైద్యుడు జార్జి వాషింగ్టన్ క్రైల్.

ఆయన 1864 నవంబరు 11న ఒహాయో రాష్ట్రంలో ఒక రైతు కుటుంబంలో జన్మించారు. 1887లో వైద్యపట్టా పొందారు. ఆ యేడే ఆయన మిత్రుడు విలియం లిండ్‌మన్ ట్రామ్ బండి క్రింద కాళ్లు నలిగి, వాటిని తొలగించినా షాక్‌తో మరణించాడు. ఆ మృత్యువు క్రైల్‌ను జీవితాంతం వెంటాడింది.

మత్తులో ఉన్న రోగికి స్పృహ లేకున్నా, గాయపు సంకేతాలు నరముల ద్వారా మెదడును చేరుతూనే ఉంటాయని ఆయన భావించారు. కనుక ముందుగా మార్ఫిన్ ఇచ్చి, కోయు చోట నోవొకెయిన్‌తో నరములను మొద్దుబార్చి, ఆ పిమ్మటనే కత్తి పట్టేవారు. భయము కూడా గాయమువంటిదేనని ఆయన నమ్మకం. గళగండ రోగులు మిక్కిలి బెదరేవారు. వారికి శస్త్రచికిత్స దినము తెలియనీయక, ప్రతి ఉదయం ముఖానికి ముసుగు పెట్టి అలవాటు చేసి, ఒకనాడు నిజముగానే మత్తు ఇచ్చేవారు. నేటి నియమాల ప్రకారం అట్టి గోప్యత చెల్లదు. నాడు మాత్రం అది ప్రాణములు కాపాడినది.

1921లో మరి ముగ్గురు వైద్యులతో కలిసి క్లీవ్‌లాండ్ క్లినిక్‌ను స్థాపించిన క్రైల్ 1943 జనవరి 7న కన్నుమూశారు. షాక్‌కు ఆయన చెప్పిన కారణం నిలువలేదు. గాయపడిన వారిలో రక్తము, ద్రవములు తగ్గుటయే ముఖ్యహేతువని తరువాత తేలింది. నొప్పిని ముందే అడ్డుకోవాలన్న ఆలోచన మాత్రం మరుగునపడి, 1988లో పాట్రిక్ వాల్ రచనతో తిరిగి వెలుగు చూసింది.

ఛాతీ విషయంలో ఇది మరీ ముఖ్యం. ప్రక్కటెముకలను ఎడము చేసినప్పుడు వాటి నడుమ నరములు నలుగుతాయి. ప్రతి శ్వాసకూ గాయం కదులుతుంది. నొప్పికి జంకి రోగి దగ్గకుంటే కఫము నిలిచి న్యుమోనియాకు దారి తీయవచ్చు. కొందరిలో బాధ నెలల తరబడి ఉంటుంది. ముందుగా వెన్నులో సన్నని గొట్టం ద్వారా మందు ఇస్తే తొలి రెండు దినములలో నొప్పి తగ్గుతుందని పరిశోధనలు చూపాయి. దీర్ఘకాలపు నొప్పి విషయంలో అంతటి రుజువు లభించలేదు. కావున వైద్యులు ముందు మాత్రమే గాక, కోత సమయాన, తరువాత కూడా మందు కొనసాగిస్తారు. రక్తమును పలుచబరచు మాత్రలు వాడేవారికి వెన్నులో గొట్టం ప్రమాదకరం కావచ్చు. మత్తువైద్యుడు ముందే ఇంటి మందులన్నిటి వివరం అడుగుట అందుకే.